నోరెక్కువైంది సార్ దీనికి!

*పిల్లల ధైర్యం, జాలిగుణం చూసి అమ్మానాన్నలు లోలోపల పొంగిపోతారు. పైకి మాత్రం తిడతారు. రామగిరి పల్లెల్లో ఆ తిట్ల వెనక ఒక తరం కథ ఉంది.*

షామియానా కింద కుర్చీలు చాలక కొందరు నాన్నలు వేపచెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నారు. అప్పుడే ముగ్గుల పోటీ అయిపోయింది. అమ్మల వేళ్లకు ఇంకా రంగులు అంటుకునే ఉన్నాయి. శెనక్కాయ విత్తనం వేసే రోజులు కావడంతో సగంమంది చేనికి పోయే చీరల్లోనే వచ్చి, సద్దిగిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నారు. దూరంగా రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. 2025 జులై 10. రాష్ట్రమంతటా బళ్లలో తల్లిదండ్రుల సమావేశం. ఈ ఏడు కొత్తగా చేరిన ఒకరిద్దరికి తెలుగు అక్షరాలు కూడా రావడం లేదని, ఇంటి దగ్గర కాస్త కూర్చోబెట్టి చదివించమని హెడ్మాస్టరు మైకులో చెబుతున్నారు.

పిల్లల వరసలోంచి రెండో తరగతి పాప లేచి నిలబడింది. ఎవరూ పిలవలేదు.

"సార్, వానికి తెలుగు రాదు సార్. బెంగళూర్లో కన్నడమే చెప్పినారంట. నేను నేర్పిస్తాండా. వాన్ని కొట్టాకండి సార్."

కాసేపు ఎవరికీ ఏమనాలో తోచలేదు. తర్వాత నవ్వులు. ఆ హెడ్మాస్టరు పిల్లల్ని కొట్టే మనిషి కాదు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే. ఆడవాళ్లలో నుంచి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కూచోమ్మే నువ్వు" అని కూతుర్ని గదమాయించి, "నోరెక్కువైంది సార్ దీనికి" అంది.

అసలు సంగతి తర్వాత క్లాసు టీచరమ్మ చెప్పింది. ఆ పిల్లవాడి అమ్మానాన్న బెంగళూరులో బిల్డింగు పనికి పోయి, నాలుగేళ్లకు తిరిగొచ్చారు. బడి తెరిచిన కొత్తలో వాడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, మధ్యాహ్నం గుడ్డు ఇస్తే చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేవాడు. ఈ పాప మేనత్తది కర్ణాటకలోని పావగడ. సెలవులకు పోయినప్పుడల్లా నాలుగు కన్నడం ముక్కలు పట్టుకొస్తుంది. ఒకరోజు తన పళ్లెం తీసుకుని వాడి పక్కకు జరిగి "బా, ఊట మాడు" అందట. వాడు తిన్నాడు. ఆ రోజు నుంచి వాడికి ఆ బళ్లో ఒక చోటు దొరికింది. ఇదంతా తల్లికి తెలియదు. టీచరమ్మ చెబుతుంటే ఆమె తలొంచుకుని రంగు మరకల వేళ్లు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూనే ఉంది.

పొగిడితే దిష్టి

సొంతబిడ్డను ఎదురుగా పొగడగూడదని మన పెద్దలు గట్టిగా నమ్మారు. దిష్టి తగులుతుంది, ఆయుక్షీణం. అందుకే బిడ్డ గొప్ప మన నోట ఫిర్యాదై బయటికొస్తుంది. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే పిల్లను "కొత్తాపాతా లేదు సార్ దీనికి" అంటాం. ఉన్నది పంచిపెట్టేవాణ్ని "వీడి చేతిలో ఏదీ నిలవదు, తాత పోలిక" అంటాం. మాట తిట్టుదే, కానీ చెప్పేటప్పుడు ముఖం చూడాలి. ఆ రోజు సమావేశం ముగిసి ఇంటికి పోయాక పాపకు అవ్వ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి ఉంటుందని పందెం కాయొచ్చు.

కొడుకు పుట్టగానే తండ్రికి సంతోషం రాదని, పదిమందీ వాణ్ని మెచ్చుకున్నప్పుడే వస్తుందని చెప్పే సుమతీ శతకం పద్యం చిన్నప్పుడు అందరం వల్లెవేసిందే. అందులో తండ్రీ కొడుకులే తప్ప తల్లీ కూతుళ్లు లేరన్న లోటు సరే. నాకు అంతకంటే పెద్ద చిక్కు మరొకటి కనిపిస్తుంది. పదిమంది మెచ్చాలంటే పదిమందికీ కనపడాలి కదా. ర్యాంకు కనపడుతుంది, ఫ్లెక్సీ ఎక్కుతుంది. పక్కవాడి పళ్లెం పక్కకు తన పళ్లెం జరిపిన సంగతి టీచరమ్మ నోరు తెరిచి చెప్పేదాకా కన్నతల్లికే తెలియలేదు.

> పొరుగునే పెద్ద పండగ
>
> ఆంధ్రప్రదేశ్‌లో తొలి మెగా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం 2024 డిసెంబరు 7న జరిగింది. రెండోది 2025 జులై 10న. రాష్ట్రస్థాయి కార్యక్రమానికి వేదిక, రామగిరి ఉన్న శ్రీసత్యసాయి జిల్లాలోనే కొత్తచెరువు ఉన్నత పాఠశాల. ముఖ్యమంత్రి చంద్రబాబు అక్కడ పిల్లలకు పాఠం చెబితే విద్యాశాఖ మంత్రి లోకేశ్ వాళ్ల మధ్య కూర్చుని విన్నారు. రెండోసారి ప్రైవేటు బళ్లు కూడా ఇందులో పాల్గొన్నాయి.

'నాకు తెల్దు' అని చెప్పు

ఏడేళ్ల పాప ఊరందరి ముందు లేచి సారుకే చెప్పడం హైదరాబాదులో పెద్ద వింత కాకపోవచ్చు. రామగిరిలో ఎందుకు వింతో తెలియాలంటే ఆ తల్లి చిన్నతనం దగ్గరికి పోవాలి.

ఇప్పుడు ముప్ఫై, ముప్ఫై ఐదేళ్లున్న ఇక్కడి అమ్మానాన్నలు 1990ల్లో, ఆ తర్వాతి పదేళ్లలో పెరిగిన పిల్లలు. అప్పట్లో రామగిరి, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి పేర్లు పేపర్లో వచ్చాయంటే అది ఫ్యాక్షన్ వార్తే. 1975లో పరిటాల శ్రీరాములు హత్య నుంచి 2005 జనవరి 24న అనంతపురంలో ఆయన కొడుకు, మాజీ మంత్రి రవి హత్య దాకా ముప్ఫై ఏళ్లు. ఆ పగల్లో ఎవరిది న్యాయం, ఎవరిది తప్పు అన్నది వేరే కథ. పిల్లల వైపు నుంచి చూస్తే ఆ కాలం నేర్పిన పాఠం ఒక్కటే: నోరు మూసుకో. జీపు వస్తే ఇంట్లోకి పరిగెత్తు. దారిన పోయేవాళ్లు "మీ నాయన యాడికి పోయినాడు పాపా?" అంటే "నాకు తెల్దు" అని చెప్పు. తెలిసినా సరే. బిడ్డ బతకాలని తల్లి చెప్పిన మాట అది. ఆ మాట విని పెరిగినవాళ్లే ఇప్పుడు తల్లులు. కూతురు మైకు ముందు లేస్తే మొదట గుండె జారుతుంది. కొంగు నోటికి అడ్డం పడేది ఆ తర్వాతే.

ఫ్యాక్షన్ ఒక్కటే అయితే కథ సులువుగానే చెప్పొచ్చు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. రామగిరి బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. శెనక్కాయ ఒక ఏడు పండితే రెండేళ్లు ఎండింది. జనం ధర్మవరం మగ్గాలకు, హిందూపురం మీదుగా బెంగళూరుకు కదిలిపోయారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగిలారు, లేదా అమ్మానాన్నతో పోయి ఏ భాషా పూర్తిగా అబ్బక తిరిగొచ్చారు. ముందు చెప్పిన ఆ కన్నడం పిల్లవాడిలాగా.

నీ గురించి చెప్పు అన్నవాళ్లు

ఈ పల్లెల్లో పిల్లల్ని పిలిచి "నీ గురించి చెప్పు" అని మొదట అడిగింది ఎవరని ఆలోచిస్తే నాకు గుర్తొచ్చేది ఉత్తరాలు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి నిలబెట్టిన ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఉమ్మడి అనంతపురం జిల్లాలో వేలమంది పిల్లల చదువుకు స్పెయిన్‌లో దాతల్ని వెతికింది. ఆ పిల్లలు దాతలకు ఉత్తరాలు రాయాలి, బొమ్మలు గీయాలి. మా ఇంట్లో రెండు మేకలున్నాయి, నాకు మామిడికాయంటే ఇష్టం, పెద్దయ్యాక నర్సునవుతాను. తన ఇష్టాయిష్టాలు సముద్రం అవతల ఒకరికి కావాలని ఆ పిల్లకు తెలియడం చిన్న విషయం కాదు. 2010లో అదే అనంతపురంలో రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి మొదలైంది. కూలీల పిల్లలు రాకెట్లు పట్టారు, ఇంగ్లీషు మాట్లాడారు.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ రామగిరి, రొద్దం పల్లెల్లో రైతులతో, ఆడవాళ్ల పొదుపు సంఘాలతో పనిచేస్తూ పిల్లల కోసం ప్రకృతి బడి నడిపింది. పొదుపు సంఘాల మీటింగులో లెక్క అడగడం నేర్చుకున్న అమ్మ, బిడ్డ ప్రశ్న అడిగితే చప్పున చెంప మీద కొట్టదు. ఇది నా ఊహే కావచ్చు, కానీ పల్లెలు తిరిగినవాళ్లు చాలామంది ఒప్పుకునే ఊహ.

మనకు ఇవన్నీ కొత్తవి కూడా కావు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై పిల్లల్ని మైకు ముందుకు తెచ్చారు, 1945లో 'బాల' పత్రిక పెట్టారు. పిల్లల్ని కొట్టొద్దు, వాళ్లూ మనుషులే అని చలం 'బిడ్డల శిక్షణ' రాశాడు. అవి పల్లెకు చేరడానికే ఇన్నేళ్లు పట్టింది.

అంకుల్‌కు రైమ్ చెప్పమ్మా

ధైర్యం అనగానే మనకు స్టేజీ గుర్తొస్తుంది. ఇంటికి చుట్టాలొస్తే పిల్లను లాక్కొచ్చి "అంకుల్‌కు రైమ్ చెప్పమ్మా" అనడం ఇప్పుడు పల్లెలకూ పాకింది. చెబితే మురిసిపోతాం, చెప్పనంటే "సిగ్గు ఎక్కువ" అని సర్దుకుంటాం. చెప్పనని తెగేసి చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో మన లెక్కలోకి రాదు. చిల్లర తక్కువిస్తే అంగడాయన్ను అడిగే పిల్లలో, తప్పు ఒప్పుకునే పిల్లవాడిలో, బుగ్గ గిల్లబోయిన పెద్దమనిషి చేతిని తోసేసే పాపలో ఉన్నది అదే. చివరిదాన్ని మనం "మర్యాద తెలీదు" అంటాం. ఒళ్లు తనదని తెలిసిన బిడ్డ అది. రేపు ఏ ఆపదలోనైనా అరిచేది, చెప్పుకునేది ఆ బిడ్డే.

> పిల్లలకు తెలియాల్సినవి
>
> ▪ 1098: ఆపదలో ఉన్న పిల్లల కోసం దేశమంతటా పనిచేసే ఉచిత ఫోన్ నంబరు.
>
> ▪ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ ప్రకారం బళ్లో పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషిద్ధమే.
>
> ▪ 1957 అక్టోబరు 2న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో షామియానాకు నిప్పంటుకుంటే 14 ఏళ్ల హరీశ్‌చంద్ర మెహ్రా స్తంభమెక్కి కత్తితో గుడ్డ కోశాడు. నెహ్రూ కూడా అక్కడే ఉన్నారు. పిల్లలకు జాతీయ సాహస పురస్కారాలు అలా పుట్టాయి.

పొగడ్త సంగతికొస్తే, మన అవ్వల దిష్టి భయంలో కొంత మేలు కూడా ఉందేమో. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన పరీక్షల్లో "నువ్వు తెలివైనదానివి" అని పొగిడించుకున్నవాళ్లు తర్వాత కష్టమైన ప్రశ్నలకు జంకారు. "బాగా కష్టపడ్డావు" అన్న మాట విన్నవాళ్లు కష్టమైనవే కావాలన్నారు. అంటే బిడ్డను కాదు, బిడ్డ చేసిన పనిని పొగడాలి. మన అవ్వలు రెండూ మానేశారు, అదీ సమస్య.

జాలికి ఇంట్లో కట్టే లెక్క

ధైర్యానికి ఇంట్లో పెద్దగా ఖర్చు లేదు. జాలికి ఉంది. కొత్త పెన్సిల్ డబ్బా పక్కపిల్లకు ఇచ్చి వస్తే "డబ్బులేమన్నా చెట్లకు కాస్తాండాయా?" అంటుంది అమ్మ. ఆ మాటలో న్యాయం ఉంది. కూలి డబ్బుతో కొన్న డబ్బా అది.

అసలు లెక్క ఇంకోచోట తేలుతుంది. బళ్లో గుడ్డు పక్కపక్కన కూర్చుని తిన్న స్నేహితురాల్ని ఉగాది రోజు ఇంటికి పిలుచుకొస్తుంది పాప. ఆ పిల్లది ఎస్సీ కాలనీ. అవ్వ కసురుకోదు, కాలం మారింది. ఓళిగ పెడుతుంది. అందరికీ స్టీలు పళ్లెం, ఆ పిల్లకు మాత్రం విస్తరాకు. అందరికీ చెంబు, ఆ పిల్లకు పేపర్ గ్లాసు. పాపకు అర్థం కాదు. ఇంటినిండా పళ్లేలుంటే విస్తరాకు ఎందుకని గట్టిగా అడుగుతుంది, ఆ పిల్ల ముందే. అప్పుడు అమ్మ ఏం చేస్తుందన్నదే ప్రశ్న. "నోరు మూయ్" అంటే బిడ్డకు రెండు పోతాయి, ధైర్యమూ జాలీ. లేచి పోయి స్టీలు పళ్లెం తెస్తే అత్తతో మాట పడాలి. బిడ్డ గుణం చూసి గర్వపడ్డమంటే ఆ మాట పడడానికి సిద్ధపడ్డమేనని నాకనిపిస్తుంది. మిగతాదంతా మురిపెం.

రాష్ట్రంలో మధ్యాహ్న భోజనానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమ లంకల గన్నవరంలో ఆకలని వచ్చిన ప్రతివాళ్లకూ, కులం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి ఆమె (1841–1909). పేరు బడి గోడ మీద ఉంది. ఇంటి వంటగదికి ఇంకా కాస్త దూరం నడవాలి.

> పుట్టుకతో వచ్చిందే
>
> 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ తొమసెల్లో ఏడాదిన్నర పసివాళ్ల ముందు వస్తువులు జారవిడిచి చూశారు. పెద్దవాళ్లు అందుకోలేక అవస్థపడుతుంటే చాలామంది పిల్లలు, ఎవరూ అడక్కుండానే, తీసి చేతికిచ్చారు. రెండేళ్ల తర్వాత మరో పరీక్షలో ఇంకో సంగతి తేలింది. సాయం చేసినందుకు బొమ్మలు బహుమతిగా పొందిన పిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు.

దేవర పొట్టేలు

జాలి ఆడపిల్లలో ఉంటే "బంగారు తల్లి". మగపిల్లవాడిలో ఉంటే? ఈ ప్రాంతంలో ఊరి దేవర అంటే పొట్టేలు తెగాలి. ఒక ఇంట్లో పాలు పట్టి పెంచిన పొట్టేలును దేవరకు ముందురోజు రాత్రి ఎనిమిదేళ్ల కొడుకు విప్పి, వంకలో కంపచెట్ల వెనక కట్టేసి వచ్చాడు. పొద్దున్నే ఇంట్లో గోల. దొరికింది లెండి, పొట్టేళ్లు అరవకుండా ఉండవు. వాడు రోజంతా అన్నం ముట్టలేదు. "ఆడపిల్ల మాదిరి ఏడుస్తాండాడు" అని తండ్రి టీ కొట్టు దగ్గర నవ్వుతూ చెప్పాడు, అందరూ నవ్వారు. కొన్ని నెలల తర్వాత అదే కొట్టు దగ్గర అదే కథ మళ్లీ చెప్పాడు. ఈసారి కథలో వాడి ఏడుపు లేదు. చీకట్లో ఒక్కడే వంకలోకి పోయిన సంగతి ఉంది. జాలిని ధైర్యంగా మార్చి చెబితే తప్ప కొడుకు గురించి గర్వంగా చెప్పుకోలేడు. అయినా చెప్పాడు, అంతవరకు నయం. కత్తి పట్టినవాడే మగాడన్న పేరున్న సీమలో అది తక్కువ మార్పేం కాదు.

ఇక ఫోన్లు. బిచ్చగాడికి బిడ్డ చేత అన్నం పొట్లం ఇప్పించడం, వీడియో తీయడం, సరిగ్గా రాలేదని మళ్లీ ఇప్పించడం. హిందూపురం బస్టాండులోనూ చూడొచ్చు, బెంగళూరు మాల్‌లోనూ చూడొచ్చు. స్టేటస్‌కు లైకులొస్తాయి. పైన చెప్పిన బొమ్మల బహుమతికీ దీనికీ పెద్ద తేడా ఉందని నేననుకోను. వలసపోయిన నాన్నలకు వీడియో కాల్ వేరు. రాత్రి ఎనిమిదికి వైట్‌ఫీల్డ్ షెడ్డులోంచి ఫోన్ చేసి, ఈ రోజు ఎవరితో కలిసి తిన్నావని అడిగే నాన్నకు ఆ ఫోనే బిడ్డ గుణం తెలిసే దారి.

మార్కుల పక్కనున్న గడి

సమావేశం రోజు చేతికిచ్చే ప్రగతి పత్రాల్లో ఇప్పుడు మార్కులొక్కటే కాదు, నడవడిక, ఆటపాటలు, కలుపుగోలుతనం కూడా రాయాలంటున్నారు. 2020 జాతీయ విద్యావిధానం చెప్పిందీ అదే. మంచి ఆలోచన. ఆచరణలో ఆ గడుల్లో 'బాగుంది', 'మెరుగుపడాలి' అన్న మాటలు పడుతున్నాయి. నలభైమంది పిల్లలు, ఒక్క టీచరు, ఆన్‌లైన్ హాజరు, గుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫోటోలు. ఇంకేం రాస్తుంది? పైగా 'దయ: ఏ గ్రేడు' అని రాయడం మొదలెడితే దానికీ ట్యూషన్ పెట్టే రోజులు వస్తాయి.

మనం చూసిన ఆ టీచరమ్మ గ్రేడు రాయలేదు. పాప పత్రంలో రిమార్కుల గడిలో ఒక్క వాక్యం రాసింది: 'కొత్తగా వచ్చిన అబ్బాయికి కన్నడంలో మాట్లాడి అన్నం తినిపించింది.' ఇంకొకడి పత్రంలో: 'బోరింగు దగ్గర చిన్నపిల్లల్ని ముందు నీళ్లు పట్టుకోనిస్తాడు.' ఇంకొకరిది: 'ప్రశ్న అడగడానికి భయపడుతుంది, గోడ పక్కన కూర్చోబెట్టకుండా ముందు కూర్చోబెడుతున్నాను.' జరిగింది జరిగినట్టు రాస్తే అక్షరమ్ముక్క రాని అమ్మకు కూడా ఎవరైనా చదివి వినిపించొచ్చు.

పాప అమ్మకు ఆ వాక్యాన్ని పక్కింటామె చదివి వినిపించింది. ఆమె పత్రం మడిచి రవికలో పెట్టుకుంటూ, "అదంతా సరే గానీ మేడమ్, ఎక్కాలు వస్తాండాయా దీనికి?" అంది.

"ఏడో ఎక్కం దగ్గర ఆగిందమ్మా."

"చూస్తిరా, నేను చెప్పలేదా! నోరొక్కటే."